గడ్డి మిషన్లో పెట్రోలు పోసే ముందు మూతలు చూసుకోండి

గుణుపురం నుంచి అడిగిన అన్నగారికి. సెకండ్‌హ్యాండులో బ్రష్ కట్టర్ (గడ్డి కోసే మిషను) కొన్నానని, కాగితాలేవీ రాలేదని, పెట్రోల్లో ఆయిలు కలపమని ఒకరు, కలపొద్దని ఇంకొకరు చెబుతున్నారని రాశారు. ఇద్దరూ ఎవరి మిషను సంగతి వాళ్లు నిజమే చెప్పి ఉంటారు. మీది ఏ రకమో తేలేదాకా మాత్రం స్టార్టు చేసే తాడు లాగకండి.

మాది పర్లాకిమిడి దగ్గర జీడితోట. పిక్కలు రాలేనాటికి చెట్ల కింద గడ్డి లేకుండా ఉండాలి, లేకపోతే ఏరలేం. నా మొదటి మిషను టూ స్ట్రోకు. ఒకరోజు నేను ఊళ్లో లేనప్పుడు, పనికొచ్చిన కుర్రాడు బైకు కోసం ఉంచిన ఉత్త పెట్రోలు పోసేశాడు. కాసేపు బాగానే తిరిగి, శబ్దం మారి ఆగిపోయిందట. తర్వాత తాడు లాగితే కదల్లేదు. విప్పి చూస్తే పిస్టను నిండా గీతలు, సిలిండరుకు పట్టేసింది. డబ్బా మీద రాసి పెట్టని తప్పు నాదే. ఆ కుర్రాడి మొహం ఇప్పటికీ గుర్తొస్తుంది.

టూ స్ట్రోకులో ఆయిలుకు వేరే చోటు ఉండదు. పెట్రోలుతో వెళ్లిన ఆయిలే పిస్టనుకూ బేరింగులకూ తడి ఇస్తుంది. అది లేకపోతే లోహం లోహంతో రాసుకుని వేడెక్కిపోతుంది. ఫోర్ స్ట్రోకులో ఇంజిన్ అడుగున ఆయిలు విడిగా ఉంటుంది, పెట్రోల్లో కలపక్కర్లేదు.

గుర్తుపట్టడం తేలికే. పెట్రోలు ట్యాంకు మూత కాక ఇంజిన్ మీద ఇంకో ఆయిలు మూత, దానికి ఆయిలు ఎంతుందో చూసే కొలపుల్ల ఉంటే ఫోర్ స్ట్రోకు. ఒక్క ట్యాంకు మూతే ఉంటే ఆయిలు కలపాల్సిన రకం, చాలావరకు టూ స్ట్రోకే. చాలావాటికి ట్యాంకు మూత మీదే కలిపే లెక్క ఉంటుంది, తుడిచి చూడండి.

50:1 అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల 2టీ ఆయిలు, అంటే టూ స్ట్రోకు ఇంజిన్ల ఆయిలు. 40:1 అయితే 25, 25:1 అయితే 40. సీసా మూతతో కొలవకండి, మూతలన్నీ ఒక్క సైజు కావు. మందుల షాపులో 20 మిల్లీలీటర్ల సిరంజి దొరుకుతుంది, నేను దాంతోనే కొలుస్తాను. లెక్క చెరిగిపోయి ఉంటే ఆ మోడల్ తెలిసిన మెకానిక్కును అడగండి. ఆయిలు కాస్త ఎక్కువైతే పొగ వస్తుంది, ప్లగ్గు మసి పడుతుంది, కడుక్కోవచ్చు. తక్కువైతే ఇంజినే పోతుంది. సీసా మీద జాసో ఎఫ్‌డీ అని నాణ్యత గుర్తు ఉన్నది తీసుకోండి. పడవ మోటార్ల ఆయిలు దీనికి పనికిరాదు, అది నీటితో చల్లబడేవాటికి, ఇది గాలితో చల్లబడే ఇంజిన్.

ఫోర్ స్ట్రోకు అయితే 10డబ్ల్యూ-30 (ఇది చిక్కదనం గుర్తు, సీసా మీద ఉంటుంది) ఆయిలు. హోండా జీఎక్స్35 లాంటి చిన్న ఇంజిన్‌కు పట్టేది 100 మిల్లీలీటర్లే, అందుకే కొంచెం తగ్గినా ప్రమాదం. మిషను సమంగా పెట్టి రోజూ చూడండి. కొత్తదానికి మొదటి 10 గంటలు నడిచాక, ఆ తర్వాత 50 గంటలకోసారి ఆయిలు మార్చాలి. ఎక్కువ పోస్తే ఎయిర్ ఫిల్టరు తడిసిపోతుంది.

ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది, అది తేమను పీలుస్తుంది. మన వానాకాలంలో నెలల తరబడి నిలవుంచితే కార్బురేటరు పాడవుతుంది. వారానికి సరిపడానే కలుపుకోండి. పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడిపి పక్కన పెట్టండి. కలిపిన డబ్బాకు ఎర్ర రంగు పూయండి, మా ఇంట్లో ఇప్పుడు అలాగే ఉంది.