సాక్షి చూశానంటాడు, ముద్దాయి అక్కడ లేనంటాడు

అమ్మా,

నువ్వు పంపిన పేపర్ బుక్కు, కింది కోర్టు రికార్డంతా కలిపి కట్టినది, రెండుసార్లు చదివాను. కత్తులతో చేసిన దోపిడీ కేసు, ఏడేళ్ల శిక్ష, హైకోర్టులో నీ మొదటి అప్పీలు. తీర్పు ఎందుకు తప్పో చెప్పే నీ గ్రౌండ్లలో మొదటి ఆరూ ‘ఆ రాత్రి మా ముద్దాయి ఆసుపత్రిలో తండ్రి మంచం పక్కన ఉన్నాడు’ అన్న మాట చుట్టూనే తిరుగుతున్నాయి. సాక్షులు అతన్ని ఎలా గుర్తుపట్టారన్నది ఏడో గ్రౌండులో రెండు వరుసల్లో ముగిసింది. ఈ వరుసను తిరగెయ్యి.

నీ వయసులో నేనూ ఇలాంటి అప్పీలే వాదించాను. ముద్దాయి వేరే ఊళ్లో ఉన్నాడని గంటసేపు చెప్పాను. న్యాయమూర్తి ఒకే ప్రశ్న వేశారు: ‘మీ సాక్షి ఇతన్ని ఎన్ని గంటలకు చూశాడు?’ రికార్డులో జవాబు లేదు. ఆ ఒక్క ప్రశ్నతో వాదన కూలిపోయింది. అనుమానితుణ్ణి మరికొందరితో వరుసలో నిలబెట్టి సాక్షిని గుర్తుపట్టమనే గుర్తింపు పరేడుకు ముందే ముద్దాయిని పోలీసు స్టేషన్‌లో చూశానని సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒప్పుకున్న వాక్యం అదే పుస్తకంలో ఉంది. దాన్ని చివరికి దాచుకున్నాను. చివరికి వచ్చేసరికి వినే ఓపిక ఎవరికీ మిగల్లేదు. అప్పీలు కొట్టేశారు, ఆ మనిషి శిక్ష మొత్తం అనుభవించాడు. ఇన్నేళ్లయినా ఆ వాక్యం ఉన్న పేజీ నా కళ్ల ముందే ఉంటుంది.

చట్టం ఏమంటుందో ఒకసారి సరిగ్గా చూడు. నేరం జరిగిన వేళ తాను మరోచోట ఉన్నానన్నవాడే దాన్ని రుజువు చేసుకోవాలని సాక్ష్యాధారాల చట్టం 103వ సెక్షన్ ఉదాహరణలోనే ఉంది. ఇప్పటి సాక్ష్య అధినియంలో అది 106. నీ కేసు పాతది కనుక రికార్డులో పాత నంబర్లే కనిపిస్తాయి. అయితే ఆ భారం ఎప్పుడు మొదలవుతుందన్నదే అసలు సంగతి. ముద్దాయి అక్కడ ఉన్నాడని ప్రాసిక్యూషన్ ముందు నమ్మదగినట్టు చూపాలి. ఆ తరువాతే మన వంతు. 1996లో బినయ్ కుమార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ క్రమాన్నే చెప్పింది. ప్రాసిక్యూషన్ తన పని చేశాక ఆలిబీని, అంటే మరోచోట ఉన్నానన్న వాదనను, కచ్చితంగా రుజువు చెయ్యాలంటూనే, ముద్దాయి ఇచ్చిన సాక్ష్యం అతని ఉనికిపై సహేతుకమైన అనుమానం రేపగలిగితే ఆ లాభం అతనికే దక్కుతుందని కూడా అన్నది. చాలామంది మొదటి సగమే చదువుతారు.

ఇక నీ ఆలిబీని చూడు. రాత్రి ఎనిమిదికి నర్సు అతన్ని చూసింది. తెల్లవారి ఆరింటికి మందుల చీటీ మీద అతని సంతకం ఉంది. దోపిడీ జరిగింది పదకొండున్నరకు. దూరం నలభై కిలోమీటర్లు. నడుమ పది గంటల ఖాళీ ఉందమ్మా. వెళ్లి రావడం అసాధ్యమని ఏ న్యాయమూర్తీ అనుకోరు. దీన్ని ‘సంపూర్ణంగా రుజువైంది’ అని రాశావు. ఆ మాట కొట్టెయ్యి. రుజువు కానిదాన్ని రుజువైందంటే, నువ్వు చెప్పే నిజాలను కూడా అనుమానంగా వింటారు. ‘గుర్తింపు ఇంత బలహీనంగా ఉన్నప్పుడు, ముద్దాయి చెప్పిన మాటకు ఆసుపత్రి కాగితం కొంత ఆసరా ఇస్తోంది’ అను. దానికి మోయగలిగినంత బరువే పెట్టు.

నీ బలం సాక్షుల గుర్తింపులో ఉంది. ఎఫ్ఐఆర్‌లో ‘ముగ్గురు కొత్తవాళ్లు’ అన్నారు తప్ప పొడుగు, రంగు, మచ్చ ఏవీ లేవు. గుర్తింపు పరేడు అరెస్టయిన నలభై ఏడు రోజులకు జరిగింది. ఆ ఆలస్యానికి కారణం దర్యాప్తు అధికారి ఎక్కడైనా చెప్పాడా? మేజిస్ట్రేటు మెమోరాండం తెరిచి, వరుసలో నిలబెట్టిన మిగతావాళ్ల వయసు, పోలిక రాశారో లేదో చూడు. పరేడు దానికదే రుజువు కాదు, కోర్టులో చేసిన గుర్తింపుకు ఊతం మాత్రమే. ముక్కూమొహం తెలియని మనిషిని ముందు పరేడు లేకుండా తొలిసారి కోర్టులోనే గుర్తిస్తే దానికి విలువ లేదని 1979లో కణ్ణన్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. పరేడు జరిగినా ఊతం ఇవ్వలేనంత లోపం ఉంటే ఏమి మిగులుతుందో అక్కడి నుంచి వాదించు.

సాక్షిని మాత్రం అబద్ధాలకోరు అనకు. ఆ ఇల్లాలి మెడ మీద కత్తి పెట్టారు. ఆమె పడిన భయం నిజం, పోయిన నగలు నిజం. నిజాయితీగల సాక్షి పొరబడవచ్చని, అలాంటివాళ్ల మాట మరింత నమ్మించేలా ఉంటుందని 1976లో ఇంగ్లండు అప్పీలు కోర్టు టర్న్‌బుల్ కేసులో హెచ్చరించింది. ఎంతసేపు చూసింది, ఎంత దూరం, ఏ వెలుగు అని అడగమన్నది. ఆయుధం ఎదురుగా ఉంటే చూపు ముఖం మీద కాక ఆయుధం మీదే నిలుస్తుందని 1987లో ఎలిజబెత్ లాఫ్టస్ బృందం ప్రయోగంలో చూపించింది. నీ రికార్డులో వెలుగు గురించి ఒక్క మాటే ఉంది: ‘బెడ్ లైటు’. దాని మీద పది నిమిషాలు నిలబడు.

ఒక జాగ్రత్త. పోలీసు వాంగ్మూలానికి, కోర్టు సాక్ష్యానికి ఉన్న తేడాలని నువ్వు రాసుకున్న ఐదింటిలో మూడు సాక్షి ముందు పెట్టనే లేదు, దర్యాప్తు అధికారి ద్వారా రుజువు చెయ్యనూ లేదు. వాటిని వదిలెయ్యి. ప్రభుత్వ న్యాయవాది మొదట పట్టుకునేవి అవే.

నగల రికవరీ పంచనామా గురించి నువ్వు ఏమీ రాయలేదు. నాకు దిగులు అక్కడే. ముద్దాయి చూపించిన చోట నగలు దొరికాయన్నది నిలబడితే, ఆసుపత్రి కాగితం నిన్ను కాపాడదు. పంచ్ సాక్షులిద్దరి సాక్ష్యం ఈ రాత్రే చదువు. పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 397 సెక్షన్ సంగతీ చూడు. ఆ ఏడేళ్ల కనీస శిక్ష ఆయుధం వాడినవాడికే వర్తిస్తుందని 1975 నాటి ఫూల్ కుమార్ తీర్పు. ముగ్గురిలో కత్తి ఎవరి చేతిలో ఉందో సాక్షులు విడివిడిగా చెప్పారా? చెప్పకపోతే అది ప్రత్యామ్నాయ గ్రౌండు.

నర్సు ముద్దాయి తరఫు సాక్షి కనుక నమ్మనక్కరలేదని కింది కోర్టు రాసింది. డిఫెన్సు సాక్షులనూ ప్రాసిక్యూషన్ సాక్షులతో సమానంగా చూడాలని 1981లో దూధ్‌నాథ్ పాండే కేసులో చెప్పారు. అదే తీర్పు చూపించు. ఆలిబీ విఫలమైనంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదన్నది కూడా అడిగించుకోకుండా ముందే చెప్పు.

ఆదివారం జైలుకు వెళ్తున్నానన్నావు. ఆ పది గంటల్లో వార్డులో ఇంకెవరున్నారు, పక్క మంచం రోగి ఎవరు, రాత్రి డ్యూటీ ఎవరిది అని అతన్ని నెమ్మదిగా అడుగు. రాత్రి రిజిస్టరు ఇంకా ఉంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 391 సెక్షన్ కింద అదనపు సాక్ష్యం కోసం పిటిషన్ వేద్దాం. విచారణలో ఎందుకు రాలేదో కారణం గట్టిగా ఉండాలి. అతను తడబడితే, ఆ సంగతి నాకు ముందు చెప్పు.

ఆశీస్సులతో,
నీ సీనియర్