తాబేళ్ల తొట్టిలో పగలు, రాత్రి ఎలా ఉండాలి?

ప్రశ్న: హాలులో పెద్ద గాజు తొట్టి పెట్టి రెండు ఎర్ర చెవుల తాబేళ్లను పెంచుతున్నాం. వయసు ఏడాదిన్నర. ఒకదాని డిప్ప 10 సెంటీమీటర్ల దాకా పెరిగింది, రెండోది 8 దగ్గరే ఆగిపోయింది. తొట్టి కిటికీ పక్కనే ఉంది, ఉదయం రెండు గంటలు ఎండ పడుతుంది. చీకట్లో భయపడతాయేమోనని పిల్లలు తొట్టి మూతకున్న ఎల్‌ఈడీ లైటును రాత్రంతా వెలిగించే ఉంచుతున్నారు. రాత్రి ఎప్పుడు చూసినా అవి గాజుకు మూతి ఆనించి ఈదుతూనే ఉంటాయి. పగలు మాత్రం నీటి అడుగున కదలకుండా పడి ఉంటున్నాయి. మునిగిపోయాయేమోనని భయపడి రెండుసార్లు పైకి తీశాం. చిన్నదాని డిప్ప అంచులు వేలితో నొక్కితే వంగుతున్నాయి. నిద్ర లేకపోవడమే దీనికి కారణమా? ఏ లైటు, ఎన్ని గంటలు వేయాలి? – ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది డిప్ప వంగుతోందన్న మాట. గుడ్డులోంచి వచ్చిన కొత్తలో డిప్ప కాస్త మెత్తగా ఉండటం సహజం. ఏడాదిన్నర వయసులో అంచులు వంగుతున్నాయంటే మాత్రం ఎముకల్లో కాల్షియం తగ్గుతోందని అనుమానించాలి. అందుకే లైట్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ రెండింటినీ సరీసృపాలకు వైద్యం చేసే పశువైద్యుడికి చూపించండి. పెద్దది బాగానే కనిపిస్తున్నా అదీ అదే తొట్టిలో పెరిగింది కదా, దాన్నీ వెంట తీసుకెళ్లండి. ఎక్స్‌రే తీస్తే ఎముకలు ఎంత పలచబడ్డాయో తెలుస్తుంది, రక్తపరీక్షలో కాల్షియం, భాస్వరం పాళ్లు బయటపడతాయి. మీ అంతట మీరు విటమిన్ డి చుక్కలు పోయడం మొదలుపెట్టకండి. ఆ విటమిన్ మోతాదు మించితే కాల్షియం మూత్రపిండాల్లో, రక్తనాళాల్లో పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది.

ఇక మీరు అడిగినదానికి వస్తాను. డిప్ప మెత్తబడటానికి నిద్రలేమి నేరుగా కారణం కాదు. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ఎండలో ఉండే యూవీ-బి అనే అతినీలలోహిత కిరణాలు అందకపోవడమే ప్రధాన కారణం కావాలి. అయితే ఈ రెండు కష్టాలూ ఒకే చోట పుట్టాయి. మీ తొట్టిలో ఇరవై నాలుగు గంటలూ వెలుతురుంది గానీ, తాబేలు శరీరం పగలని గుర్తించే పగలు లేదు, రాత్రని గుర్తించే రాత్రీ లేదు.

కిటికీ ఎండ దగ్గర చాలామంది పొరబడతారు. మన కంటికి ఆ ఎండ నిండుగానే ఉంటుంది, చేయి పెడితే వెచ్చగానూ తగులుతుంది. కానీ తాబేలుకు కావలసిన యూవీ-బి కిరణాలను కిటికీ అద్దం దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. దాన్ని దాటి ఏ కొంచెం వచ్చినా తొట్టి గాజు అడ్డుపడుతుంది. ఈ కిరణాల తరంగదైర్ఘ్యం సుమారు 290 నుంచి 315 నానోమీటర్లు. ఇవి చర్మం మీద పడినప్పుడు అక్కడున్న కొలెస్టరాల్ జాతి పదార్థం ఒకటి విటమిన్ డి3కి ముందు రూపంగా మారుతుంది. ఆ ముందు రూపం ఒంటి వెచ్చదనంతో నెమ్మదిగా డి3 అవుతుంది. అంటే ఒక్క కిరణాలుంటే సరిపోదు, ఒంట్లో వేడి కూడా ఉండాలి. తాబేలు తన వేడిని తాను పుట్టించుకోలేదు కాబట్టి, ఈ రెండూ ఒకే చోట, ఒకే సమయంలో అందాలి. తర్వాత కాలేయం, మూత్రపిండాలు ఆ డి3ని పనికొచ్చే రూపంలోకి తెస్తేనే పేగు ఆహారంలోని కాల్షియాన్ని పీల్చుకుంటుంది. ఈ గొలుసు మొదట్లోనే తెగితే మీరు ఎంత మంచి మేత పెట్టినా కాల్షియం ఒంటికి పట్టదు. రక్తంలో తగ్గిన కాల్షియాన్ని శరీరం ఎముకల నుంచి లాక్కుంటుంది. డిప్ప కూడా ఎముకే. పక్కటెముకలు, వెన్నెముక కలిసిపోయి ఏర్పడిన కవచం అది. అందుకే లోపం అక్కడ చేతికి తెలుస్తుంది.

మూతకున్న ఎల్‌ఈడీ చూడటానికి వెలుతురునిస్తుంది, అంతే. దానిలో యూవీ-బి లేదు, చెప్పుకోదగ్గ వేడీ లేదు. కాబట్టి మీకు రెండు దీపాలు కావాలి. ఒకటి సరీసృపాల కోసమే తయారయ్యే యూవీ-బి ట్యూబు. రెండోది వేడికోసం మామూలు తెల్లని ఫిలమెంటు బల్బు లేదా హాలోజెన్ బల్బు. తొట్టికి చిన్న గుండ్రటి బల్బు కంటే పొడవాటి ట్యూబు మేలని నా అభిప్రాయం, ఎందుకంటే తాబేళ్లు నీటిలోంచి పైకెక్కి ఆరే గట్టంతా కిరణాలు సమానంగా పరుచుకుంటాయి. నీటి తాబేళ్లకు సాధారణంగా 5 శాతం యూవీ-బి అని రాసి ఉన్న రకం వాడతారు. గట్టు మీద కూర్చున్న తాబేలు వీపుకు, ట్యూబుకు మధ్య దూరం ఎంత ఉండాలో దాని పెట్టె మీద ఉంటుంది. చాలావాటికి ఇది 25 నుంచి 30 సెంటీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. మధ్యలో గాజు గానీ ప్లాస్టిక్ మూత గానీ ఉండకూడదు. సన్నని జాలీ కూడా కిరణాల్లో మూడోవంతో, అంతకంటే ఎక్కువో మింగేస్తుంది, వీలైతే గట్టు పైన ఆ మేరకు జాలీ తీసేయండి. ఇంకొక సంగతి చాలామంది మరచిపోతారు. ట్యూబు వెలుగుతున్నంత మాత్రాన అది పనిచేస్తున్నట్టు కాదు. కంటికి కనిపించే వెలుతురు ఏళ్ల తరబడి ఉన్నా యూవీ-బి ముందే పడిపోతుంది. రకాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాదిలోగా మార్చాలి. బిగించిన తేదీని ట్యూబు చివర చిన్న కాగితం మీద రాసి అతికించండి.

వేడి దీపం సరిగ్గా ఆ గట్టు మీదే పడాలి. తాబేలు వీపు ఎత్తులో థర్మామీటరు పెట్టి కొలిస్తే 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ రావాలి. నీరు 24 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంటే ఈ వయసు తాబేళ్లకు సరిపోతుంది. ఈ తేడాను చిన్నచూపు చూడకండి. నీళ్లే 30 డిగ్రీలుంటే తాబేలుకు గట్టెక్కాల్సిన అవసరమే కలగదు, గట్టెక్కకపోతే కిరణాలూ అందవు, డిప్పా ఆరదు. నీరు కాస్త చల్లగా, గట్టు బాగా వెచ్చగా ఉంటేనే అది తనంతట తాను పైకి వచ్చి, కాళ్లు బార్లా చాచి, మెడ సాగదీసి ఎండ కాచుకుంటుంది. ఆ భంగిమలో కళ్లు మూసుకుని కునుకు తీయడం ఆరోగ్య లక్షణమే, లేపకండి. మీ గట్టు ఎంత వెడల్పుందో రాయలేదు. రెండూ పక్కపక్కన పూర్తిగా ఆరేంత చోటు ఉండాలి. ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చుంటే స్నేహం అనుకుంటాం గానీ, చాలాసార్లు అది చోటుకోసం పోటీ. పెద్దది చిన్నదాన్ని గట్టు మీంచి తోసేస్తోందేమో నాలుగు రోజులు గమనించండి. అదే తొట్టిలో చిన్నది మరింత దెబ్బతినడానికి కారణం అక్కడే దొరకవచ్చు. అలా జరుగుతుంటే రెంటినీ వేరు చేయాలి.

నీటి పైన కరెంటు దీపాలు పెడుతున్నారు కాబట్టి ఒక్క జాగ్రత్త చెబుతాను. బల్బుకు పింగాణీ హోల్డరు వాడండి, క్లిప్పు ఒక్కదాన్నే నమ్మకుండా గొలుసుతో కూడా కట్టండి. తీగను ప్లగ్గు కంటే కిందికి వేలాడేలా వదిలితే జారిన నీటిబొట్టు కిందనే రాలిపోతుంది. తొట్టిలో చేయి పెట్టేముందు అన్ని ప్లగ్గులూ తీసేయండి.

రెండు దీపాలూ రోజుకు 12 గంటలు వెలగాలి. వేసవి నెలల్లో 13, 14 గంటలకు పెంచి, చలికాలంలో 10, 11కు తగ్గించేవారున్నారు. అదీ మంచిదే, కానీ ఇప్పుడు మీకు దానికంటే నియమం ముఖ్యం. చేత్తో వేసి ఆర్పే పద్ధతిలో ఒకరోజు పొద్దున ఆరింటికి, ఒకరోజు తొమ్మిదింటికి అవుతుంది. టైమర్ పెట్టేస్తే ఆ బెడద ఉండదు. దీపాలు వెలిగాక గంటో రెండు గంటలో ఒళ్లు వేడెక్కనిచ్చి మేత పెట్టండి. దీపాలు ఆర్పబోయే ముందు మాత్రం వద్దు, ఒళ్లు చల్లబడితే అరుగుదల మందగిస్తుంది.

ఇప్పుడు రాత్రి సంగతి. పిల్లలు ప్రేమతోనే దీపం ఉంచారు, వాళ్లను కోప్పడకండి. కానీ తాబేలుకు చీకటంటే భయం లేదు. చెరువులో, వాగులో దాని రాత్రులన్నీ చీకట్లోనే గడుస్తాయి. చీకటి పడ్డాకనే దాని మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోనును ఎక్కువగా వదులుతుంది. ఒళ్లంతటికీ ఇది రాత్రి, ఇక విశ్రాంతి అని కబురు వెళ్లేది దానివల్లనే. దీపం ఆరకపోతే ఆ కబురు సరిగా అందదు. రాత్రంతా గాజుకు మూతి రాసుకుంటూ ఈదడం, పగలు అడుగున నీరసంగా పడి ఉండటం చూస్తే వాటి గడియారం తారుమారైందనే అనిపిస్తోంది. దీపం వెలుగుతున్నప్పుడు గాజులో తన ప్రతిబింబమే కనిపించి, అదేదో ఇంకో తాబేలని కూడా కంగారు పడవచ్చు.

ఎర్ర బల్బో నీలం బల్బో పెడితే నిద్ర చెడదని కొందరు చెబుతారు. నమ్మకండి. ఎర్ర చెవుల తాబేలు కళ్లు మన కళ్లకంటే రంగుల్లో చురుకైనవి. మనకు రంగును పట్టే కణాలు మూడు రకాలైతే వాటికి నాలుగు. అతినీలలోహితం నుంచి ముదురు ఎరుపు దాకా చూస్తాయి. ఎర్ర వెలుగు వాటికి చీకటి కాదు. రాత్రి చలి ఎక్కువనుకుంటే వెలుతురు లేని వేడి వాడాలి. తొడుగున్న నీటి హీటరు థర్మోస్టాట్‌తో కలిపి పెడితే చాలు. గది మరీ చల్లబడే ఇళ్లలో గట్టు పైన పింగాణీ హీటరు అమర్చవచ్చు. హాలులో మీరు రాత్రి పొద్దుపోయేదాకా టీవీ చూసేవారైతే, గాలి ఆడేలా పైభాగం వదిలి, తొట్టి చుట్టూ మందపాటి బట్ట కప్పండి. వీలుంటే తొట్టిని తలుపు పక్క నుంచి, స్పీకర్ల దగ్గర నుంచి దూరం జరపండి. అడుగుల చప్పుడు, తలుపు అదురు నీటిలో వాటికి బాగా తెలుస్తాయి.

నీటి అడుగున పడుకున్న తాబేలును పైకి తీయవద్దు. అది వాటి పడక. గట్టు కింద ఇరుక్కునో, ఒక రాయికి ఆనుకునో, కొన్నిసార్లు ఒళ్లు ఉబ్బించి పైన తేలుతూనో నిద్రపోతాయి. నిద్రలో ఒంటికి ఆక్సిజన్ అవసరం బాగా తగ్గుతుంది, ఊపిరి కావలసినప్పుడు తామే లేచి ముక్కు బయట పెట్టి మళ్లీ దిగిపోతాయి. ఆ మధ్యలో మీరు పట్టి లేపితే నిద్ర చెడటమే కాదు, చేయి అంటే బెదురు పుడుతుంది. మునిగిపోయే ప్రమాదం ఉన్నది ఇరుకు సందుల్లోనే. ఫిల్టరుకు గోడకు మధ్య, రాళ్ల మధ్య తల దూరి శరీరం దూరని సందు ఉంటే ఈ రోజే సరిచేయండి.

రాత్రి చీకటి, పగలు గట్టు మీద వేడి, కిరణాలు మొదలయ్యాక ఒకటి రెండు వారాల్లో పగటి నీరసం తగ్గాలి. తగ్గకపోయినా, కళ్లు ఉబ్బి మూసుకుపోయినా, నీటిలో ఒక పక్కకు వంగి తేలుతున్నా, ముక్కునుంచి బుడగలు వస్తున్నా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా అది నిద్ర కాదు, జబ్బు. ఒక పక్కకు వంగి తేలడం ఊపిరితిత్తుల జబ్బుకు గుర్తు కావచ్చు, ఆ పూటే వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

అసలైన ఎండకు సాటి వచ్చే దీపం లేదు. బయట గాలి వెచ్చగా ఉన్న రోజుల్లో లోతైన ప్లాస్టిక్ తొట్టిలో కాసిన్ని నీళ్లు పోసి, సగం నీడ పడేలా చూసి, 20 నుంచి 30 నిమిషాలు ఆరుబయట ఉంచండి. పక్కన మనిషి ఉండి తీరాలి, కాకులు, పిల్లులు, కుక్కలు క్షణంలో వస్తాయి. గాజు తొట్టిని మాత్రం ఎప్పుడూ నేరుగా ఎండలో పెట్టకండి. నిమిషాల్లో నీళ్లు వేడెక్కి, తప్పించుకునే చోటు లేక ప్రాణం పోతుంది. కిటికీ ఎండలో ఇప్పుడున్న తొట్టికీ ఈ ముప్పు కొంత ఉంది, వేసవికి ముందే జరపండి. తాబేళ్లను ముట్టుకున్న ప్రతిసారీ పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి, వాటి ఒంటిమీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండవచ్చు.

డిప్ప గట్టిపడటానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. ఇప్పటికే వంకరపోయిన భాగం తిరిగి నిటారు కాకపోవచ్చు గానీ, కొత్తగా పెరిగేది గట్టిగా వస్తుంది. వారానికి ఒకసారి, ఒకే రోజున, రెంటి బరువూ డిప్ప పొడవూ కొలిచి పుస్తకంలో రాయండి, ఆ పని పిల్లలకే అప్పగించండి. నెల తర్వాత ఆ అంకెలతో పాటు ఎక్స్‌రేలో ఏమి తేలిందో, గట్టు మీద, నీటిలో మీరు కొలిచిన వేడి ఎంతో రాసి పంపితే మేత విషయం కూడా వివరంగా చెబుతాను.