ఆ సంతకం దగ్గర ఆగు

చిరంజీవి రమ్యకు ఆశీస్సులు.

సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో వలస పాలన ఛాయల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివానమ్మా. మొదటి నాలుగు పేజీలూ వలస పాలనను విమర్శించిన సిద్ధాంతకర్తలు సయీద్, ఫానన్, స్పివాక్‌లతోనే నిండిపోయాయి. సినిమా ఐదో పేజీకి గాని రాలేదు. ఆ నాలుగు పేజీలూ ప్రస్తుతానికి పక్కన పెట్టి, సినిమా మళ్లీ చూడు. ఒక్క సన్నివేశం పట్టుకో.

'డిస్ట్రిక్ట్ 9' సినిమాలో గ్రహాంతరవాసులను ఖాళీ చేయించే అధికారి వికుస్, వాళ్లుండే జొహానెస్‌బర్గ్ మురికివాడలో గుడిసె గుడిసెకూ తిరిగి, ఖాళీ చేయాలంటూ వాళ్ల చేత సంతకాలు పెట్టించుకుంటాడు. ఒకడు విసుగెత్తి కాగితాల అట్టను చేత్తో కొడతాడు. ఆ దెబ్బనే వికుస్ సంతకం కింద జమకట్టుకుంటాడు! ఇల్లు పోవాలి, అంతా చట్టప్రకారం జరిగినట్టూ కనబడాలి. వలస పాలన నడిచిన తీరంతా ఆ అట్ట మీద ఉంది. కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్‌ను 1966లో తెల్లవారి ప్రాంతంగా ప్రకటించి 60 వేల మందికి పైగా జనాన్ని వెళ్లగొట్టారు. సినిమా పేరులో వినిపించేది ఆ ఊసే. షూటింగ్ జరిగిన సోవెటో గుడిసెలవాళ్లను కూడా అప్పుడే వేరేచోటికి తరలిస్తున్నారు. ఇవన్నీ వ్యాసంలోకి రావాలి.

తర్వాత పేర్లు చూడు. మనుషులు వాళ్లను 'రొయ్యలు' అంటారు. వాళ్లలో ముఖ్యపాత్ర పేరేమో క్రిస్టఫర్ జాన్సన్. సొంత భాషలో అతని పేరేమిటో మనకు చివరిదాకా తెలియదు. అణగారినవాళ్ల గొంతు మనకు వినబడుతుందా అని అడిగిన స్పివాక్‌ను పిలవాల్సింది ఇక్కడ.

నాకు బాధ కలిగించింది ఒకటుంది. ఇదే సినిమా నైజీరియన్లను గ్రహాంతరవాసుల మాంసం తినే ముఠాగా చూపించింది. 2009లో నైజీరియా ప్రభుత్వం ప్రదర్శన ఆపమని థియేటర్లను కోరింది. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. బాధితుల పక్షాన నిలిచిన సినిమాయే మరొకరిని అలా చూపిస్తే, అక్కడే ఎక్కువసేపు నిలబడాలి. కనీసం రెండు పేజీలు రాయి.

'అవతార్' గురించి, ఖనిజం కోసం వచ్చిన కంపెనీ నుంచి అక్కడి తెగవాళ్లను జేక్ సల్లీ అనే తెల్లవాడు వచ్చి రక్షించాడని అందరూ రాశారు, నువ్వూ రాశావు. తప్పేమీ కాదు గానీ అక్కడితో సరిపెట్టకు. ఒడిశాలో నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వకాన్ని ఆపడానికి సాయపడమని 2010లో అక్కడి ఆదివాసులైన డోంగ్రియా కోందుల తరఫున ఆ సినిమా దర్శకుడికి పత్రికా ప్రకటన ద్వారా విజ్ఞప్తి చేశారు. 2013లో 12 గ్రామసభలు కూర్చుని తవ్వకం వద్దన్నాయి. ఏ జేక్ సల్లీ రాలేదు. ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడు.

పండగకు వచ్చేటప్పుడు కొత్త ప్రతి తీసుకురా. ఆ సంతకం సన్నివేశం ఇద్దరం మళ్లీ చూద్దాం.

నీ మాస్టారు