ఖురాన్ చదవడం వచ్చినా తోలు మీది పాత ప్రతులు ఎందుకు చదవలేకపోతున్నాం?

చిన్నప్పటి నుంచి ఖురాన్ చదువుతున్నా బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో ఉన్న పాత తోలు ప్రతి ఫోటోలో ఒక్క లైనూ అందలేదు, అది వేరే భాషా అని ఒకరు అడిగారు. భాష అదే, వచనం కూడా మీకు తెలిసిందే, 18 నుంచి 20 సూరాల్లోని (అధ్యాయాల్లోని) భాగాలు. రాసే తీరే వేరు. నేనూ కర్నూలు మసీదులో ఖాయిదా (అరబీ అక్షరాలు నేర్పే తొలి పుస్తకం) పట్టుకుని నేర్చుకున్నవాణ్ణే, ఇప్పుడు అబూధాబీలో ఉద్యోగం, సెలవు దొరికితే ఇలాంటివే చూస్తుంటాను కాబట్టి నాకు పనికొచ్చిందే చెప్తాను.

మన దగ్గర అచ్చయ్యే ఖురాన్‌లో చుక్కలు, జబర్, జేర్, పేష్ (అ, ఇ, ఉ పలికించే గుర్తులు) అన్నీ ఉంటాయి. తొలి ప్రతుల్లో అక్షరాల చుక్కలు చాలా తక్కువ, ఉన్నవి కూడా సన్నటి గీతల్లా ఉంటాయి. అందుకే మాట మధ్యలో బా, తా, సా, నూన్, యా అయిదూ దువ్వెన పన్నులా ఒకేలా కనిపిస్తాయి. తర్వాతి కూఫీ (కోణాలుగా ఉండే పాత అరబీ లిపి) ప్రతుల్లో ఎర్ర చుక్కలు కనబడితే అవి అక్షరం చుక్కలు అనుకోవద్దు. అక్షరం పైన ఉంటే జబర్, కింద ఉంటే జేర్, పక్కన ఉంటే పేష్, జంటగా ఉంటే తన్వీన్ (మాట చివర ‘న్’ శబ్దం). ఇది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

అంతకన్నా ఇబ్బంది పెట్టేవి ఖాళీలు. అలిఫ్, దాల్, రే, వావ్ తర్వాతి అక్షరంతో కలవవు కదా, అక్కడ వదిలే ఖాళీ, రెండు మాటల మధ్య ఖాళీ దాదాపు ఒకేలా ఉంటాయి, పైగా లైను చివర చోటు లేకపోతే మాటను అక్కడే విరిచి మిగతాది కింది లైనులో రాసేస్తారు, ఇంకోచోట కాఫ్‌నో దాల్‌నో అడ్డంగా బాగా సాగదీస్తారు. ఇవన్నీ ఖురాన్ అప్పటికే నోటికి వచ్చినవాళ్ల కోసం రాసినవని నా అభిప్రాయం. లూవ్ర్ అబూధాబీ మ్యూజియంలో నీలి ఖురాన్ పేజీ ఒకటి ఉంది, నీలిమందు రంగు తోలు మీద బంగారంతో 15 లైన్లు, అందులో ఆ ఎర్ర చుక్కలు కూడా లేవు, దాని ముందు నిలబడితే కదలబుద్ధి కాదు.

బర్మింగ్‌హామ్ ప్రతితో మొదలుపెట్టకండి. డమాస్కస్ గవర్నర్ అమాజూర్ హిజ్రీ 262లో, అంటే 875-76లో, సూర్ (ఇప్పటి లెబనాన్‌లోని టైర్) పట్టణానికి వక్ఫ్ చేసిన (ధర్మంగా ఇచ్చిన) ఖురాన్ పేజీల ఫోటోలు వెతకండి. పేజీకి మూడే లైన్లు, పెద్ద అక్షరాలు, ఎర్ర చుక్కలు కూడా ఉంటాయి. సూరా నంబరు చూసుకుని ఇంట్లో ఉన్న ఖురాన్ పక్కన తెరిచి, ముందు ‘అల్లాహ్’ మాట పట్టుకోండి, అలిఫ్ పక్కనే రెండు నిలువు లామ్‌లు, సులభంగా దొరుకుతుంది. అక్కణ్ణుంచి అటూ ఇటూ జరగండి.

ఇంకో మాట, బర్మింగ్‌హామ్ ప్రతికి చెప్పే క్రీ.శ. 568-645 అనేది తోలు కాలం. సిరా ఎప్పటిదో కార్బన్ పరీక్ష చెప్పదు, ఫలానా సహాబీ (ప్రవక్త అనుచరుడు) స్వయంగా రాశారని వచ్చే ఫార్వర్డులను దాన్ని చూపించి నమ్మించాలని చూస్తే నమ్మకండి.