దెబ్బ ఒకటే, నొప్పి రెండుసార్లు ఎందుకు?

ప్రశ్న: నాపరాళ్ల పాలిషింగ్ పని చేస్తాను. బండ అంచు కాలి వేలికి తగిలితే ముందు చురుక్కుమంటుంది, కాసేపాగి మంట మొదలవుతుంది. నరంలో పోయేది కరెంటే కదా, ఈ ఆలస్యం దేనికి?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: కరెంటే గానీ రాగితీగలో పారే రకం కాదు. ఇక్కడ సోడియం, పొటాషియం అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) నాడీకణం పొరను దాటి లోపలికీ బయటికీ కదులుతాయి. అందుకే వేగం అంత తక్కువ.

ఊరికే ఉన్నప్పుడు నాడీకణం లోపల వోల్టేజి బయటికన్నా సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువ, అంటే -70. సోడియం బయట ఎక్కువ, పొటాషియం లోపల ఎక్కువ. పొరలోని పంపు 3 సోడియం అయాన్లను బయటికి తోసి 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తూ ఈ తేడాను కాపాడుతుంది. సిగ్నల్‌ను పుట్టించేది మాత్రం పంపు కాదు. దెబ్బకు వోల్టేజి దాదాపు -55కు చేరగానే సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి, లోపల +30 దాకా ఎగబాకుతుంది. వెంటనే అవి మూసుకుంటాయి, పొటాషియం బయటికి పోతుంది. ఇదంతా ఒకటి రెండు మిల్లీసెకన్ల పని. ఆ ఊపుకు పక్క భాగంలోనూ ద్వారాలు తెరుచుకుంటాయి. దాటొచ్చిన భాగంలోని ద్వారాలు కాసేపు తెరుచుకోలేవు కాబట్టి సిగ్నల్ వెనక్కి మళ్లదు. దెబ్బ గట్టిగా తగిలితే సిగ్నల్ పెద్దదవదు, సెకనుకు ఎక్కువ సిగ్నళ్లు వస్తాయి.

చురుకును మోసేవి ఏ-డెల్టా అనే నరపు తంతువులు. వాటికి మైలిన్ అనే పలుచని కొవ్వు తొడుగు ఉంది. తొడుగు లేని సందుల్లోనే సిగ్నల్ కొత్తగా పుడుతూ సెకనుకు 5 నుంచి 30 మీటర్లు పోతుంది. మంటను మోసే సీ తంతువులు మరీ సన్నం, తొడుగూ లేదు. వాటి వేగం సెకనుకు 0.5 నుంచి 2 మీటర్లే. వేలి నుంచి వెన్నుపాముకు సుమారు మీటరు దూరం. చురుకు సెకనులో ఐదో వంతు లోపే చేరితే, మంటకు అర సెకను నుంచి 2 సెకన్లు పడుతుంది.

షుగరు ఉన్నవారికి పాదానికి దెబ్బ తగిలినా నొప్పి తెలియకపోతే ఈ తంతువులు దెబ్బతిన్నాయేమో డాక్టరు చేత పరీక్ష చేయించుకోవాలి.

ప్రశ్న: చిగుళ్లకు చీము పట్టి పన్ను తీయించుకుంటే మత్తు సూది సరిగా పని చేయలేదు. మందులో లోపమా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: చీమే కారణం కావచ్చు. మత్తు సూదిలోని లిగ్నోకేయిన్ మందు నరంలో సిగ్నల్ పుట్టించే సోడియం ద్వారాలను లోపలివైపు నుంచి మూస్తుంది. అక్కడికి చేరాలంటే విద్యుదావేశం లేని రూపంలో పొరను దాటాలి. మామూలు పీహెచ్ (ఆమ్లగుణం కొలత, అంకె తగ్గితే ఆమ్లం ఎక్కువ) 7.4 దగ్గర మందులో నాలుగో వంతు ఆ రూపంలో ఉంటుంది. చీముతో పీహెచ్ 6.5కు పడిపోతే అది సుమారు 4 శాతమే. అందుకే అలాంటప్పుడు వాపుకు దూరంగా, నరం వచ్చే దారిలో సూది వేస్తారు, లేదా ముందు చీము తీసేస్తారు. మత్తు బాగా పట్టినా లాగుతున్నట్టు తెలుస్తుంది. ఒత్తిడిని మోసే లావు తంతువులు అంత తేలిగ్గా మూగబోవు, దానికి భయపడక్కర్లేదు.