చిన్నపిల్లల టీచరంటే అమ్మలా ఉండాలన్న మాట ఎక్కడ పుట్టింది?

అడ్మిషన్ల రోజుల్లో ఒక నాన్నగారు అడిగారు: "మీకు పిల్లలెంతమంది మేడమ్?" లేరన్నాను. ఆయన భార్య వైపు చూశారు. అప్పటికి మూడేళ్ల పిల్లలకి చెప్పబట్టి నాకు తొమ్మిదేళ్లు. మీ ప్రశ్న చూడగానే అదే గుర్తొచ్చింది.

ఆ మాట చిన్నపిల్లల చదువు సిద్ధాంతం పునాదిలోనే ఉందండీ. 1840లో జర్మనీలో 'కిండర్‌గార్టెన్' అని పేరు పెట్టిన ఫ్రోబెల్‌కి తొమ్మిది నెలలప్పుడే తల్లి పోయింది. ఒళ్లో బిడ్డని ఆడిస్తూ తల్లి చేసే పనులనే ఆయన చదువుగా మలిచాడు. 1844లో తల్లుల కోసం ఆటపాటల పుస్తకం కూడా వేశాడు. అందులోని అమ్మ, అమ్మ లేని పిల్లాడు కలగన్న అమ్మేమో అని నాకో అనుమానం. ఆయన దగ్గర నేర్చుకున్న హెన్రియెటె ష్రాడర్-బ్రైమన్ ఇంకాస్త ముందుకెళ్లింది: కనకపోయినా మనసుతో తల్లి కావచ్చు, ఆ తల్లితనం సమాజానికి కావాలి అంది. పెళ్లికాని ఆడవాళ్లు గడప దాటి ఉద్యోగం చెయ్యడానికి ఆ మాటే దారిచ్చింది. జీతం దగ్గరికొచ్చేసరికి అదే అడ్డం తిరిగింది. అమ్మ ప్రేమకి జీతమేంటి?

మా పిన్ని అంగన్‌వాడీ టీచర్. పిల్లల్ని తూచి, రిజిస్టర్లు రాసి, గుడ్లు లెక్కపెట్టి, ఆపైన పాటలు పాడించేది. చేతికొచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. 1975లో మొదలైన పథకం అది; వీళ్లకి గ్రాట్యుటీ హక్కుందని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2022 వచ్చింది.

మాంటిస్సోరి ట్రైనింగ్‌లో మాకు ముందు నేర్పింది ముద్దుచెయ్యడం కాదు, ఊరికే చూడడం. పిల్లాడు జగ్గుతో నీళ్లు పోస్తూ సగం ఒలకబోస్తుంటే చెయ్యి వెయ్యకుండా ఆగాలి. మా ఇంట్లో అమ్మయితే ఈపాటికి జగ్గు లాక్కునేది! నాకు ఆ ఆగడం అలవాటవడానికి రెండేళ్లు పట్టింది. ఆ పద్ధతి కనిపెట్టిన మరియా మాంటిస్సోరి డాక్టరు, 1907లో రోమ్‌లో మొదటి బడి తెరిచింది. కన్నకొడుకు మారియో మాత్రం పసితనంలో వేరేవాళ్ల దగ్గర పెరిగాడు.

మగవాళ్లు లేరా అంటే, గుజరాత్‌లో గిజుభాయి బధేకా ఉన్నాడు. వకీలు పని మానేసి 1920లో భావ్‌నగర్‌లో బాలమందిర్ నడిపాడు. జనం ఆయన్ని 'మూఛాళీ మా', అంటే మీసాల అమ్మ అన్నారు. ముద్దుపేరే అనుకోండి. కానీ మంచి టీచరు అంటే సరిపోలేదు చూశారా, ఆయన్నీ అమ్మనే చేశారు.

ఆ నాన్నగారు పాపని మా క్లాసులోనే చేర్చారు. మొన్న కలిసి, "అచ్చం వాళ్లమ్మలాగే చూసుకుంటున్నారు మేడమ్" అన్నారు. అది మెచ్చుకోలే అని తెలుసు. థ్యాంక్సండీ అనేసి లోపలికెళ్లాను.