ఊరు ఒకటే అయితే దూరం తగ్గుతుందా?

ప్రశ్న: నాకు 26 ఏళ్ళు. కాకినాడలో ఎంబీబీఎస్, హౌస్ సర్జన్సీ పూర్తి చేశాను. నీట్ పీజీలో మంచి ర్యాంకు వచ్చింది. ఎండీ జనరల్ మెడిసిన్‌కు మొదటి విడతలోనే రెండు సీట్లు వచ్చాయి. రాష్ట్ర కోటాలో విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీ, ఆలిండియా కోటాలో బెంగళూరు మెడికల్ కాలేజీ. నాలుగేళ్ళుగా ఒకరిని ప్రేమిస్తున్నాను. అతను బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రెండేళ్ళుగా మా బంధం ఫోన్ల మీదే నడుస్తోంది. ఇంకో మూడేళ్ళు ఇలాగే అంటే తెగిపోతుందేమోనని భయంగా ఉంది. ఏ కాలేజీలో చేరమంటావని అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. మాది విజయనగరం. విషయం తెలిసినప్పటి నుంచి నాన్నగారు విశాఖలోనే చేరమంటున్నారు. అతనికి దూరంగా ఉంటే నేనే మరిచిపోతానని ఆయన ఆశ కావచ్చు. నాకూ విశాఖ ఇష్టమే. కాకినాడలో ఉండగా, పది రోజులుగా తగ్గని జ్వరంతో వచ్చిన ఒక మామ్మ చంకలో సిగరెట్ కాలినట్టున్న నల్లని మచ్చ చూసి, స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం) అని మొదట చెప్పింది నేనే. మందు మొదలుపెట్టిన రెండో రోజుకు ఆవిడ లేచి కూర్చుంది. అలాంటి కేసులు విశాఖలో ఎక్కువ చూడవచ్చు. కానీ అక్కడ చేరితే నాన్న గెలిచినట్టు, బెంగళూరులో చేరితే చదువును ప్రేమ కోసం తాకట్టు పెట్టినట్టు అనిపిస్తోంది. ఏం చేయను?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. భయంగా ఉంది, కావచ్చు, అనిపిస్తోంది అంటూ నడిచిన ఉత్తరంలో ఒక్కచోట మాత్రం మీ గొంతు మారింది. ఆ మామ్మ గురించి రాసిన చోట. అక్కడ మీకు ఏ సందేహమూ లేదు. మచ్చ ఎక్కడుందో, ఎలా ఉందో, ఎన్నో రోజుకు ఆవిడ లేచి కూర్చుందో అన్నీ గుర్తున్నాయి. సాధారణంగా రోగి తనకు తానుగా చూపించని చోట ఉంటుంది ఆ మచ్చ. ఓపిగ్గా వెతికిన వారికే దొరుకుతుంది. మీరు వెతికారు. మీ నిర్ణయం గురించి మాట్లాడేటప్పుడు నేను ఆ మామ్మ దగ్గర నుంచే మొదలుపెడతాను.

ముందు బెంగళూరు సంగతి. అక్కడ చేరితే అతనితో కలిసి ఉంటానని మీరు ఊహించుకుంటున్నారు. మొదటి ఏడాది పీజీ రోజు ఎలా ఉంటుందో హౌస్ సర్జన్‌గా పక్కనుండి చూశారు కదా. రెసిడెంట్ డాక్టర్లకు ఏకబిగిన పన్నెండు గంటలు, వారానికి 48 గంటలకు మించి పని ఉండరాదని కేంద్రం 1992లోనే చెప్పింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ నియమించిన బృందం వారానికి 74 గంటలు దాటనివ్వవద్దని సిఫారసు చేసింది. 48 అని రాసుకున్న చోట 74 దగ్గరైనా ఆపండని అడగవలసి వచ్చిందంటే వార్డుల్లో ఏం జరుగుతోందో మీకు నేను వివరించనక్కరలేదు. బెంగళూరులో మీరు పనిచేయబోయే విక్టోరియా ఆసుపత్రి పాత నగరంలో, కె.ఆర్. మార్కెట్ పక్కన ఉంది. అతను ఉండేది నగరానికి తూర్పు అంచున. ఆ ట్రాఫిక్‌లో రానూపోనూ పట్టే సమయం, వార్డులో కొత్త రోగులను చేర్చుకునే అడ్మిషన్ డ్యూటీ మర్నాడు మీకు దొరికే నిద్రకన్నా ఎక్కువ కావచ్చు.

నా దగ్గరకు వచ్చిన ఒక పీజీ విద్యార్థిని సంగతి చెబుతాను. భర్త అదే ఊళ్ళో ఉంటాడు. తన ఫోను తీసి నా ముందు పెట్టింది. రాత్రి 9.10కి అతని సందేశం: "కింద ఉన్నాను, పులిహోర తెచ్చాను, ఐదు నిమిషాలు వస్తావా?" 9.50కి: "సెక్యూరిటీ దగ్గర ఇచ్చి వెళ్తున్నాను." తెల్లవారుజామున 2.40కి ఆమె జవాబు: "క్షమించు." అంతే. కలవలేకపోయినందుకు కాదు, అతను మెట్ల కింద నిలబడి ఉన్నాడని తెలిసీ వెళ్ళలేకపోయినందుకు ఏడ్చింది ఆ అమ్మాయి. వేరే ఊళ్ళో ఉంటే కలవలేదన్న బాధే ఉంటుంది. ఒకే ఊళ్ళో ఉంటే దానికి తప్పు చేస్తున్నానన్న భావం తోడవుతుంది. ఈ రెండోది బంధాన్ని త్వరగా కొరికేస్తుంది. మిమ్మల్నిద్దరినీ ఇకపై దూరం చేసేవి కిలోమీటర్లకన్నా డ్యూటీ గంటలే. అవి రెండు ఊళ్ళలోనూ ఒకటే. పైగా పీజీ మధ్యలో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి. బెంగళూరులో చేరినా ఆ మూడు నెలలు బెంగళూరులోనే గడుస్తాయన్న నమ్మకం లేదు.

నన్నడిగితే, విశాఖలో చేరండి. నాన్నగారు చెప్పినందుకు కాదు. ఆ కాలేజీ ఆసుపత్రి కేజీహెచ్‌కు (కింగ్ జార్జ్ ఆసుపత్రి) శ్రీకాకుళం నుంచి, పాడేరు, అరకు ఏజెన్సీ నుంచి మనుషులు వస్తారు. మలేరియా, సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు, ఉద్దానం కిడ్నీ జబ్బు, మీరు పేరు పెట్టి చెప్పిన ఆ జ్వరం, అన్నీ పుస్తకంలో కాకుండా మంచం మీద కనిపిస్తాయి. ఇంకొకటి, భాష. మెడిసిన్‌లో సగం పని రోగి మాట వినడమే. "కళ్ళు తిరుగుతున్నాయమ్మా" అని ఒక పెద్దాయన అంటే నిజంగా గది తిరుగుతోందా, నీరసమా, లేవగానే చూపు చీకట్లు కమ్ముతోందా అని మూడు ప్రశ్నల్లో తేల్చగలరు మీరు. కొత్త భాషలో ఆ మూడు ప్రశ్నలు చేతికి రావడానికి నెలలు పడుతుంది. కన్నడం నేర్చుకోలేరని నా ఉద్దేశం కాదు, బెంగళూరులో తెలుగు రోగులూ ఉంటారు. ఆ కాలేజీ తక్కువదీ కాదు. మీకు అక్కడి వార్డు నచ్చిందని ఉత్తరంలో ఒక్క వాక్యం ఉన్నా నా మాట మరోలా ఉండేది. లేదు. తర్వాత డీఎం (ఎండీ పైన సూపర్ స్పెషాలిటీ) చేయాలనుకుంటే దాని ప్రవేశ పరీక్ష నీట్ ఎస్ఎస్ దేశమంతటికీ ఒకటే. విశాఖలో చదివినందువల్ల ఆ దారి మూసుకుపోదు.

ఇక నాన్నగారు. విశాఖలో చేరితే ఆయన గెలిచినట్టని రాశారు. చెప్పకుండా చేరితే అలాగే అవుతుంది. మీ మౌనాన్ని ఆయన అంగీకారంగా తీసుకుంటారు, ఏడాది తిరగకుండా సంబంధాలు చూడటం మొదలవుతుంది. అందుకే చేరకముందే ఎదురుగా కూర్చుని చెప్పండి: "నాన్నా, విశాఖలో చేరుతున్నాను. నాకు కావలసిన మెడిసిన్ అక్కడ ఉంది కాబట్టి. అతని విషయంలో నా మనసు మారలేదు. పెళ్ళి గురించి మీతో మళ్ళీ మాట్లాడతాను, ఈ రెండూ కలపవద్దు." కోపం వస్తుందేమో. రానివ్వండి. విజయనగరం నుంచి విశాఖ గంటన్నర ప్రయాణం, ఆదివారం డ్యూటీ లేకపోతే ఇంటికి వెళ్ళి భోజనం చేయగలిగినంత దగ్గర. ఆయన కోపం చల్లారడానికి ఆ భోజనాలు పనికొస్తాయి. అమ్మగారితో మాత్రం ముందే ఒక మాట అనండి, ఆవిడ ఆ గదిలో ఉంటే బాగుంటుంది.

అతను అన్న "నీ ఇష్టం" మిమ్మల్ని నొప్పించిందని అర్థమవుతోంది. ఆ మాటకు ఎన్ని అర్థాలైనా ఉండవచ్చు. నీ చదువుకు అడ్డు రానన్న గౌరవం కావచ్చు. రమ్మంటే రేపు నన్ను తప్పుపడతావన్న భయం కావచ్చు. అతని ఆసక్తి సన్నగిల్లిందన్న అవకాశాన్నీ కొట్టిపారేయలేను. ఫోనులో విన్న రెండు మాటల్లోంచి వీటిలో ఏదో తేల్చుకోలేరు. నన్ను కలవరపెట్టింది వేరే విషయం. మూడేళ్ళ దూరాన్ని ఎలా తగ్గించాలన్న లెక్కంతా మీరొక్కరే వేస్తున్నారు. ఊరు మారాలా, సీటు వదులుకోవాలా, నాన్నను ఎదిరించాలా, అన్నీ మీ పక్కనే. అతను ఏం మార్చుకోగలడన్న ప్రశ్న ఉత్తరంలో ఎక్కడా లేదు. అతని ఉద్యోగానికి ఇంటి నుంచి పనిచేసే వెసులుబాటు ఉందా? నెలలో ఒక వారం విశాఖలో గది తీసుకుని ఉండగలడా? రైలైతే దాదాపు ఒక రోజు ప్రయాణం, విమానంలో రెండు గంటల లోపే. డబ్బు లెక్క ఇద్దరూ పంచుకోవచ్చు. నిబంధనల ప్రకారం మీకు ఏడాదికి కనీసం 20 క్యాజువల్ సెలవులు, వారానికి ఒక సెలవు ఉండాలి. వారం సెలవు పని ఒత్తిడిని బట్టే దొరుకుతుంది, దాన్ని నమ్ముకుని టిక్కెట్లు కొనకండి.

రోజూ రాత్రి పదింటికి వీడియో కాల్ అనే ఒప్పందం మాత్రం పెట్టుకోవద్దు. నాలుగో రోజుకే తప్పుతుంది, ఐదో రోజు గొడవ. దానికి బదులు వార్డు నుంచి హాస్టల్‌కు నడుస్తూ ఒక నిమిషం గొంతు రికార్డు చేసి పంపండి, అతను వీలైనప్పుడు వింటాడు. ఇరవై నాలుగు గంటల డ్యూటీ దిగిన రోజు ఏ పెద్ద విషయమూ మాట్లాడరాదని ఇద్దరూ అనుకోండి. నిద్ర పట్టక, తిండి సహించక, ఏడుపు ఆగక రెండు వారాలు గడిస్తే అది బంధం సమస్యే అనుకుని కూర్చోకండి. మీ కాలేజీ మానసిక వైద్య విభాగంలో ఎవరినైనా కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోను చేయండి. డాక్టర్లు ఈ విషయంలో తమను తాము చాలా ఆలస్యంగా పట్టించుకుంటారు, నేను చూస్తూనే ఉన్నాను.

సీటు ఖరారు చేసే ముందు రెండు కాలేజీల్లోనూ మొదటి ఏడాది పీజీ అమ్మాయిలతో మాట్లాడండి. ప్రొఫెసర్లతో కాదు. యూనిట్‌కు ఎంతమంది పీజీలు, వారానికి ఎన్ని రాత్రులు, సెలవు అడిగితే ఇస్తారా, స్టైపెండ్ సమయానికి పడుతోందా, హాస్టల్‌లో గది ఉందా అని అడగండి. విశాఖ గురించి వినకూడనిది ఏదైనా వింటే నా సలహా పక్కన పెట్టండి. ఆలిండియా కోటా మొదటి విడత సీటును నష్టం లేకుండా వదులుకోవచ్చు. రెండో విడత నుంచి కట్టిన డిపాజిట్ పోతుంది. రాష్ట్ర కోటా షరతులు ఈ ఏడాది నోటిఫికేషన్‌లో మీరే చదవండి, స్నేహితులు చెప్పినవి నమ్మకండి. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వాలి కాబట్టి రెండు చోట్లా ఒక కాలు వేసి ఉంచడం కుదరదు.

అందుకే అతనితో మాట ఈ ఆదివారమే అయిపోవాలి. పొద్దున్నే, ఇద్దరూ నిద్ర లేచి కాఫీ తాగాక ఫోను చేయండి. ఏ కాలేజీ అని మళ్ళీ అడగవద్దు. "నేను విశాఖలో చేరాలనుకుంటున్నాను. ఈ మూడేళ్ళలో నువ్వు ఏం చేయగలవు, నేను ఏం చేయగలను, ఇద్దరం కాగితం మీద రాసుకుందామా?" అని అడిగి, అతను మాట్లాడేదాకా ఆగండి.